కొమ్మమానవుడికీ మానుపిల్లికీ ఎనిమిది భేదములు

తెనాలి, రేపల్లె, బాపట్ల శాఖల బైపీసీ విద్యార్థినీ విద్యార్థులకు తెలియజేయడమేమనగా, కొమ్మమానవుడికీ మానుపిల్లికీ గల భేదములు ఎనిమిది. పాయింటుకు అర మార్కు చొప్పున నాలుగు మార్కులు ఇవ్వబడును. ఏడు రాసినవారికి మూడున్నర. కొమ్మమానవుడు ఎక్కడ ఉంటాడు, ఎవరు చూశారు వగైరా ప్రశ్నలు అడిగి తరగతి కాలాన్ని వృథా చేయువారిపై క్రమశిక్షణ చర్య తీసుకొనబడును.

2003 డిసెంబరులో ఒక సోమవారం, విజయదుందుభి జూనియర్ కాలేజీ మూడు శాఖల నోటీసు బోర్డుల మీదా ఈ ప్రకటన ఒకేసారి వెలిసింది. విద్యార్థులు దాన్ని నోటుపుస్తకాల్లో ఎక్కించుకున్నారు. తల్లిదండ్రులు చదివి, కాలేజీలో చదువు గట్టిగానే సాగుతోందని సంతోషించారు. చదివి, కళ్ళు నులుముకుని, మళ్ళీ మొదటి నుంచి చదివినవాడు ఒక్కడే. అతను జంతుశాస్త్రం లెక్చరరు జిలానీ. కొమ్మమానవుణ్ణి పుట్టించింది అతనే.

జిలానీ గురించి రెండు మాటలు చెప్పాలి. రేపల్లెలో దర్జీ ముబారక్ కొడుకు. ఆ ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాడు. తొక్కినవాడు అక్కడితో ఆగక ఎమ్మెస్సీ కూడా చేశాడు. చదువుకున్నవాడు అబద్ధం చెప్పకూడదని చిన్నప్పుడెవరో చెబితే నమ్మేశాడు. ఆ నమ్మకంతోనే రోజూ పొద్దున్న రేపల్లె పాసింజరెక్కి తెనాలి వెళ్ళి పాఠాలు చెప్పేవాడు. మూడేళ్ళ నుంచి చెబుతున్నా, కాలేజీవారు ఏటా జూన్‌లో అతన్ని కొత్తగా చేర్చుకుంటూ ఉండేవారు. అందువల్ల జిలానీ ఎప్పుడూ కొత్త లెక్చరరే.

కాలేజీ కరస్పాండెంటు పున్నారావుగారు రేపల్లెలో పేరున్న రైసుమిల్లు యజమాని. ధాన్యం వ్యాపారంలో నేర్చుకున్నదంతా విద్యారంగానికి ధారపోసిన మహానుభావుడు. గోడౌన్లకు కిటికీలు కొట్టించి కాలేజీలు చేశారు. కొన్నింటికి కొట్టించకుండానే చేశారు. జూన్‌లో వచ్చిన పిల్లల్ని జల్లెడ పట్టి మూడు బ్యాచిలు చేసేవారు. ఏ బ్యాచి మెడిసిన్‌కి. బీ బ్యాచి పాసవడానికి. మూడోది జనరల్. జనరల్ బ్యాచికి పాఠాలు చెప్పరు గాని, హాజరు మాత్రం ఎంతో శ్రద్ధగా తీసుకుంటారు. ప్రతి వీకెండ్ టెస్టులోనూ నూటికి డెబ్బై అయిదు తెచ్చుకున్నవారు ఏ బ్యాచిలో ఉంటారు. తెచ్చుకోనివారు సోమవారం ఉదయం తమ బెంచీ తామే మోసుకుని కిందికి దిగాలి.

ఇక కొమ్మమానవుడి పుట్టుక. సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం, భోజనాల తర్వాతి గంట. చెట్ల మీద బతికే జంతువుల శరీరం ఎలా మారుతుందో చెప్పాలి. పిల్లలు బల్లల మీదికి వాలిపోతున్నారు. జిలానీ మానుపిల్లిని ఉదాహరణగా తీసుకున్నాడు. తాడిచెట్ల మీదా పాత మిద్దెల దూలాల మీదా కాపురముండి, పండ్లూ ఎలకలూ తిని, సందు దొరికితే కల్లుముంతలో మూతి పెట్టే జంతువు అది. దాని పక్కన అతనొక మనిషిని నిలబెట్టాడు. "ఊహించండి. మనిషే చెట్టు మీద పుట్టి చెట్టు మీదే పెరిగితే ఎలా ఉండేవాడు? వాడికి కొమ్మమానవుడని పేరు పెడదాం" అని బోర్డు మీద బొమ్మ వేశాడు. కొక్కేల్లాంటి చేతులు వేశాడు. కూర్చునేచోట కాయగట్టిన చర్మం వేశాడు. పిల్లలు నవ్వారు. నిద్ర వదిలింది. పాఠం బాగా నడిచిందని జిలానీ ఆ సాయంత్రం రైల్లో తనలో తనే మురిసిపోయాడు.

విజయదుందుభిలో ఒక ఆచారముంది. మొదటి ర్యాంకు విద్యార్థి రాసుకున్న రన్నింగ్ నోట్సే ఆ ఏటి మెటీరియల్. దాన్ని లెక్చరర్లకు చూపించరు. చూపిస్తే దిద్దుతారు, దిద్దితే ఆలస్యమవుతుంది. ఆ ఏటి మొదటి ర్యాంకు పున్నారావుగారి అన్నగారి మనవడు జశ్వంత్. అతను రాయడంలో ఎంత దిట్టంటే, లెక్చరరు దగ్గితే అక్కడొక గీత గీసి మళ్ళీ అందుకునేవాడు. జిలానీ చెప్పినదంతా అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు. "ఊహించండి" అన్న ఒక్క మాట మాత్రం వదిలేశాడు. అది పరీక్షలో రాదు కదా.

ఆ నోట్సు బాపట్లలో ఎజ్రాగారి ప్రెస్సుకు వెళ్ళింది. అచ్చయి మూడు శాఖలకూ వచ్చింది. ఎడమవైపు మానుపిల్లి, కుడివైపు కొమ్మమానవుడు, నడుమ నిలువుగీత. ఒకసారి నిలువుగీతకు కుడివైపున చోటు దొరికిందంటే, ఇక ఆ ప్రాణి ఉన్నట్టే. డీన్ వరప్రసాదం గారు టెస్టుకు ప్రశ్నలు కూర్చేటప్పుడు ఆ పేజీ కంటబడింది. మార్కులు వేయడానికి ఇంత వీలుగా ఉన్న ప్రాణిని ఆయన అంతవరకూ చూడలేదట. వెంటనే నాలుగు మార్కుల ప్రశ్న ఇచ్చేశారు.

పేపర్లు దిద్దడానికి జిలానీ ముందుకు వచ్చాయి. నాలుగువందల పదమూడు. మొదటిది చూసి నవ్వాడు. పదోది చూసి నవ్వు ఆపేశాడు. మానుపిల్లి రాత్రి తిరుగును, కొమ్మమానవుడు పగలు తిరుగును. మానుపిల్లి నుండి వండిన అన్నం వంటి వాసన వచ్చును, కొమ్మమానవుడి నుండి ఏ వాసనా రాదు. మానుపిల్లి మనిషిని చూసి పారిపోవును, కొమ్మమానవుడు మనిషిని చూసి నవ్వును. బాపట్ల శాఖవారు బొమ్మకు మీసాలు పెట్టారు. రేపల్లె శాఖవారు పెట్టలేదు. తెనాలి వారిలో కొందరు ఉత్సాహం కొద్దీ, ఈ జాతి అంతరించిపోతోందనీ దీన్ని కాపాడుకోవడం మనందరి బాధ్యత అనీ ముగించారు.

అన్ని పేపర్ల నడుమ ఒక్కటి వేరుగా ఉంది. నాలుగే వాక్యాలు. "కొమ్మమానవుడు లేడు. సారు ఊహించమన్నారు. చెట్ల మీద పనిచేసే మనిషిని నేను ఒక్కణ్ణే చూశాను, ఆయన మా నాన్న. మానుపిల్లి కల్లు తాగుతుంది, మా నాన్న కల్లు దించుతాడు, అంతే భేదం." పేపరు మీద పేరు చందన. రేపల్లె పక్క పల్లెలో కల్లుగీసే సుందరయ్య కూతురు. రోజూ జిలానీ ఎక్కే పాసింజరుకే వచ్చి చదువుకునే పిల్ల. కీ ప్రకారం ఆ జవాబుకు సున్నా. మొత్తం మార్కులు డెబ్బై ఒకటి. ఆ నాలుగూ పడితే ఏ బ్యాచి. పడకపోతే సోమవారం బెంచీ ఎత్తుకోవాలి.

సాయంత్రం రైల్లో, వేమూరు దాటాక, ఆ పిల్ల వచ్చి ఎదురుగా నిలబడింది.

"సార్, నేను రాసింది తప్పాండీ?"

"తప్పు కాదమ్మా."

"మరి సున్నా అంట గదండీ?"

"కీలో లేదమ్మా."

"కీలో ఎందుకు లేదండీ?"

జిలానీ కిటికీలోంచి పొలాలు చూశాడు. కోతలైపోయాయి. చూడ్డానికి అక్కడ ఏమీ లేదు.

"రేపు నేను మాట్లాడతాను. నువ్వు బెంచీ కదపొద్దు" అన్నాడు.

ఇంట్లో ముబారక్ కుట్టుమిషను తొక్కుతూ కొడుకు చెప్పినదంతా విన్నాడు. విని, "ఏంట్రా, కొలతలు తీసుకోకుండా రాసిచ్చావా? మనిషి లేకుండా కొలతలేంటి?" అన్నాడు.

"నేను రాసివ్వలేదబ్బా, ఊరికే చెప్పాను."

"నేనూ అంతే. కూనిరాగం తీస్తూ అంగుళాలు చెబుతాను. పక్కవాడు రాసేసుకుంటే, వాడు కత్తిరించే గుడ్డకి నాదేగా పూచీ" అన్నాడు ముబారక్. తెగిన దారం సూదిలోకి ఎక్కించుకుని మళ్ళీ మిషను తొక్కాడు.

మర్నాడు జిలానీ డీన్‌గారి గదికి వెళ్ళి, కొమ్మమానవుడనేవాడు లేడనీ, తప్పంతా తనదేననీ, ప్రశ్న రద్దు చేసి ఆ పిల్లకు న్యాయం చేయాలనీ చేతులు కట్టుకుని చెప్పాడు. వరప్రసాదం గారు ఓపిగ్గా విన్నారు. కాలేజీకి రాకముందు ఆయన పురుగుమందుల కంపెనీలో పనిచేశారు. వినడం అక్కడే అలవాటైంది.

"జిలానీ గారూ, మీరు ఆవేశపడకండి. ఉన్నాడా లేడా అన్నది యూనివర్సిటీ లెవెల్ ప్రశ్నండీ. మనది ఇంటర్మీడియట్."

"లేనిదాన్ని పిల్లల చేత ఎలా చదివిస్తామండీ?"

"నాలుగువందల పన్నెండు మంది ఉన్నాడని రాశారు. ఒక్క పిల్ల లేడంది. ఎవరి మాట వినమంటారు? పైగా జశ్వంత్ బాబుకి నాలుగుకి నాలుగు వచ్చాయి. ఆ నాలుగూ మీరు పోయి పెద్దాయన్ని అడిగి వెనక్కి తీసుకొస్తారా చెప్పండి?"

జిలానీ నిజంగానే పెద్దాయన దగ్గరకు వెళ్ళాడు. అబద్ధం చెప్పకూడదని నమ్మేవాళ్ళతో వచ్చే చిక్కే ఇది. కాని పున్నారావుగారు అప్పటికే వేరే దుఃఖంలో ఉన్నారు. తెనాలిలోనే ఉన్న పోటీ కాలేజీ వారికి మన మెటీరియల్ ఎలాగో చేరిపోయింది. వారు తమ మెటీరియల్‌లో కొమ్మమానవుడికీ మానుపిల్లికీ పది భేదాలు వేసి, గోడల మీద ప్రకటించుకున్నారు. "మనం ఎనిమిది దగ్గర ఆగిపోయాం. వాళ్ళు రెండు ఎక్కువ కనిపెట్టారు. ఎమ్మెస్సీ చదివిన మీరుండి కూడా ఇలా జరగడం నాకు బాధగా ఉందండీ" అన్నారు పున్నారావుగారు. జిలానీ చెప్పినది మొత్తం విన్నాక, ఈ విషయం మీద ఒక నిపుణుల కమిటీ వేద్దామన్నారు. కమిటీ తేల్చేదాకా చందన ఏ బ్యాచి గుమ్మంలో కూర్చోవచ్చునని దయతలిచారు. లోపలా కాదు, బయటా కాదు.

జనవరిలో రేపల్లె శాఖలో కమిటీ సమావేశమైంది. ఆ శాఖ ఒకప్పుడు ధాన్యం గోడౌను. ఎత్తయిన దూలాలు, మైకు, పూలదండలు. అధ్యక్షులు పున్నారావుగారు. సభ్యులు వరప్రసాదం గారు. మెటీరియల్‌ను మొత్తం కూర్చిన అనుభవముంది గనుక ప్రెస్సు ఎజ్రాగారు విషయ నిపుణులు. జిలానీని కూడా పిలిచారు, బల్ల చివర కుర్చీ వేశారు. జవాబులో తండ్రిని ప్రస్తావించింది గనుక సుందరయ్యను కూడా హాజరు కమ్మన్నారు. అతను చెట్టు దిగి తిన్నగా వచ్చేశాడు. నడుముకు మోకు ఇంకా చుట్టుకునే ఉంది. కూతురు వెనక నిలబడి, "నాన్నా, అది విప్పి రావొచ్చు గదా" అని గొణిగింది. "మళ్ళీ సాయంత్రం ఎక్కాలి గదమ్మా, విప్పి కట్టడం దేనికి" అన్నాడతను.

పున్నారావుగారు మైకు ముందు లేచారు. "విద్య అనేది ధాన్యం లాంటిది. దంచితేనే బియ్యం. మన దగ్గర దంచుడు బాగుందని మూడు తాలూకాల్లో పేరుంది. ఈ రోజు ఒక పిల్ల, కుడివైపు గడి ఖాళీ అంటోంది. నిండుగా ఉన్న గడిని ఖాళీ అంటే, రేపు ఎడమవైపు గడి కూడా ఖాళీ అంటారు. అప్పుడు మన పిల్లలు ఏం చదవాలి? ఏం రాయాలి? అందుకని ఈ విషయాన్ని శాస్త్రీయంగా తేల్చడానికి మనమిక్కడ కూడాం" అన్నారు. ముందు వరసలో తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు.

శాస్త్రీయంగా తేల్చడం మొదలైంది. చెట్టు మీద ఉండే మనిషి సుందరయ్యేనని జవాబు పత్రంలోనే ఉంది కనుక, కమిటీ అతణ్ణే నమూనాగా తీసుకుంది. వరప్రసాదం గారు మెటీరియల్ తెరిచి, కుడివైపు గడి వరసగా చదువుతూ అడిగారు.

"ఏమయ్యా, కాళ్ళు రెండేనా?"

"రెండేనండీ."

"సరిపోయింది. చేతులు కొక్కేల్లా ఉంటాయా?"

సుందరయ్య చేతులు చాపాడు. వేళ్ళు వంగి, అరచేతులు కాయలు కాసి ఉన్నాయి. ఎజ్రాగారు ముందుకు వంగి చూసి, "కొక్కెం అనడానికి లేదు గాని దగ్గర్లో ఉందండీ. పావు మార్కు వేయొచ్చు" అన్నారు. "పావులు లేవండీ మన దగ్గర" అని వరప్రసాదం గారు కొట్టేశారు.

"చిగుళ్ళు తింటావా?"

"చింతచిగురైతే తింటానండీ, పప్పులో."

"పిల్లని వీపు మీద మోస్తావా?"

"ఇది చిన్నప్పుడు మోశానండీ. ఇప్పుడు ఇదే నన్ను మోస్తంది" అని కూతురి వైపు చూసి నవ్వాడు.

"మనిషిని చూసి నవ్వుతావా?"

"నవ్వొచ్చేట్టు ఉంటే నవ్వుతానండీ." ఆ మాటని ఎవరి వైపూ చూడకుండా, కింద సిమెంటు గచ్చు వైపు చూస్తూ అన్నాడు. వరప్రసాదం గారు దానికి ఎదురుగా ఇంటూ గుర్తు పెట్టారు.

ఎనిమిదింటిలో రెండే కలిశాయి. ఇరవై అయిదు శాతం. పాసు మార్కు ముప్పై అయిదు. సుందరయ్య కొమ్మమానవుడిగా ఉత్తీర్ణుడు కాలేదని కమిటీ ఏకగ్రీవంగా రాసుకుంది.

"మరి నేనెవర్నంటారండీ?" అన్నాడు సుందరయ్య, తెలుసుకోవాలన్నట్టు.

"అది సిలబస్‌లో లేదయ్యా" అన్నారు వరప్రసాదం గారు.

జిలానీ లేచి నిలబడి, "అయ్యా, ఆయన మనిషండీ" అన్నాడు. "కూర్చోండి జిలానీ గారూ, కమిటీ ఆ సంగతి కాదనలేదు" అన్నారు పున్నారావుగారు.

సరిగ్గా అప్పుడే మైకు కూతపెట్టింది. పై దూలం మీద నుంచి మట్టి రాలింది. బూడిదరంగు ఒళ్ళు, నల్లటి మూతి, ఒంటితో సమానమైన తోక ఉన్న జంతువొకటి నిద్ర చెడి లేచి, దూలం మీద ఈ కొస నుంచి ఆ కొసకు నిదానంగా నడిచింది. గోడౌనంతా అప్పుడే వార్చిన అన్నం వాసన.

"అదిగోనండీ! మానుపిల్లి! మా ముంతలన్నీ ఖాళీ చేసేది ఇదేనండీ!" అని సుందరయ్య పాత చుట్టాన్ని చూసినట్టు అరిచాడు.

కమిటీ తలలెత్తి చూసింది. తర్వాత మెటీరియల్‌లో చూసింది. మెటీరియల్‌లో జశ్వంత్ వేసిన బొమ్మకు తోక చుట్టలు చుట్టుకుని ఉంది. దూలం మీద తోక తిన్నగా ఉంది. మానుపిల్లి రాత్రి తిరుగునని అచ్చులో ఉండగా, ఇది మధ్యాహ్నం మూడింటికి తిరుగుతోంది. మనిషిని చూసి పారిపోవలసింది, పారిపోకుండా నడుస్తోంది. "ఇది మానుపిల్లి కాదు. మానుపిల్లి లాంటిది" అని ఎజ్రాగారు తేల్చారు. పిల్లలు చూస్తే గందరగోళపడతారని, వాచ్‌మన్ చేత గెడకర్రతో దాన్ని బయటికి తరిమించారు. జిలానీ గుమ్మం దాకా వెళ్ళి అది పోయినవైపు చూశాడు. తను మూడేళ్ళు బోర్డు మీద గీసిన జంతువును కళ్ళారా చూడటం అతనికీ అదే మొదటిసారి.

ఇక తీర్పు. పున్నారావుగారు పెద్దమనసు చేసుకున్నారు. "పిల్ల రాసింది తప్పని మేం అనడం లేదు. పాయింట్లుగా లేదంటున్నాం. కొమ్మమానవుడు లేడనే అనుకో అమ్మా, ఆ లేకపోవడాన్నే ఎనిమిది పాయింట్లుగా విడగొట్టి, నడుమ గీత గీసి, పట్టికలో రాయి. నాలుగు మార్కులూ నీవే. గుమ్మంలోంచి లోపలికి వెళ్ళి కూర్చో."

చందన జిలానీ వైపు చూసింది. అతను వరండాలోకి తీసుకెళ్ళాడు.

"ఉన్నది ఒక్కటే పాయింటు గదండీ, సార్. లేడు అంటే లేడు. ఎనిమిది ఎక్కడ్నించి వస్తాయండీ?"

"వస్తాయమ్మా. మానుపిల్లికి తోక ఉంది, కొమ్మమానవుడు లేడు గనుక తోక లేదు. ఒకటైపోయింది. మానుపిల్లి పండ్లు తింటుంది, కొమ్మమానవుడు లేడు గనుక తినడు. రెండు." చెబుతూ ఉంటే తన గొంతు తనకే వరప్రసాదం గారి గొంతులా వినిపించింది. అయినా ఎనిమిదీ చెప్పాడు. ఆ పిల్లకి దక్కించడానికి ఇక ఏ బ్యాచిలో బెంచీ ఒక్కటే మిగిలింది మరి.

ఆ పట్టిక చూసి వరప్రసాదం గారు, "ఇప్పుడు శాస్త్రీయంగా ఉంది" అని నాలుగు మార్కులు వేయించారు. చందన లోపలికి వెళ్ళి కూర్చుంది. పోటీ కాలేజీ పదిని మించాలి కనుక మెటీరియల్ రెండో ముద్రణలో భేదాలు పదకొండయ్యాయి. తొమ్మిదోది చందన పుణ్యమే: మానుపిల్లి ఉన్నది, కొమ్మమానవుడు లేడు. పదోది, మానుపిల్లి లాంటిది దూలముపై నిద్రించును, కొమ్మమానవుడు కొమ్మపై నిద్రించును. పదకొండోది ఎజ్రాగారు సొంతంగా సమర్పించుకున్నారు. పదకొండులో ఏవైనా ఎనిమిది రాస్తే చాలునని వెసులుబాటు కూడా ఇచ్చారు. లేడు అన్న మాట అచ్చులోకి ఎక్కినందుకు జిలానీ మళ్ళీ రైల్లో తనలో తనే మురిసిపోయాడు.

ఫిబ్రవరిలో ప్రీఫైనల్. అదే ప్రశ్న. ఈసారి జిలానీ అన్నిటికంటే ముందు చందన పేపరు వెతికి తీశాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. నడుమ ఎర్రసిరా గీత. కొమ్మమానవుడు పగలు తిరుగును, చిగుళ్ళు తినును, మనిషిని చూసి నవ్వును. ఎనిమిది పాయింట్లు, రంగుల బొమ్మ. తొమ్మిదోది మాత్రం లేదు.

సాయంత్రం రైల్లో అడిగాడు. "తొమ్మిదో పాయింటు వదిలేశావేంటమ్మా? నీదే గదా అది."

చందన మామూలుగా, లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది. "అది రాసినా అర మార్కేనండీ సార్, నవ్వుతాడని రాసినా అర మార్కే. నిజమేమో ఒక్కటే ఉంది. మిగతావైతే పది ఉన్నాయండీ."

ప్రీఫైనల్లో చందన కాలేజీ రెండో ర్యాంకు. మార్కుల పంపిణీ సభకు సుందరయ్యను వేదిక మీదికి పిలిచి, ఈసారి ఏ కొలతలూ తీసుకోకుండా, దండ వేశారు. రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు. అతను మైకు రెండు చేతులా పట్టుకుని, "ఉన్నదాన్ని ఎవురైనా చదువుతారండీ. మా అమ్మాయి లేనిదాన్ని కూడా చదివేసింది" అన్నాడు.

సభంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. తమ పిల్లలూ అలా చదివితే బాగుండునని తల్లులు కళ్ళు తుడుచుకున్నారు. జిలానీ కూడా కొట్టాడు. ఈ ఏడు జూన్‌దాకా ఆగకుండా ముందుగానే చేతికిచ్చిన నియామకపు కాగితం నలగకుండా చంకలో పెట్టుకుని మరీ కొట్టాడు.